నీళ్ళబండి దారి

కాలిఫోర్నియా దక్షిణపు కొసన, సాల్టన్ సీ అనే ఉప్పుచెరువు ఒడ్డుకు దగ్గరగా నైలాండ్ అనే చిన్న ఊరుంది. అక్కడినుంచి తూర్పుగా ఆరేడు కిలోమీటర్లు పోతే రంగులు పూసిన మట్టికొండ ఒకటి కనబడుతుంది. దాన్ని దాటితే స్లాబ్ సిటీ. పేరులో సిటీ ఉంది గాని అక్కడ కరెంటు తీగ లేదు, కుళాయి లేదు, మురుగుకాలవ లేదు, అద్దె అడిగేవాడూ లేడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, మెరైన్ దళం అక్కడ క్యాంప్ డన్‌లప్ అనే శిక్షణ శిబిరం కట్టింది. యుద్ధం ముగిశాక కట్టడాలను విప్పుకుపోయారు, అడుగున పోసిన కాంక్రీటు స్లాబులు మిగిలాయి. వాటి మీదికి బళ్ళు, ట్రైలర్లు, గుడారాలు వచ్చి చేరాయి. చలికాలంలో వేలమంది ఉంటారు. ఎండలు ముదిరేసరికి నూటయాభై మంది మిగిలితే ఎక్కువ.

ఎడారిలో తీగ తెంచుకుని బతకొచ్చా, బతికినా పక్కవాళ్ళతో కలిసి ఒక ఊరులాంటిది నిలబెట్టుకోవచ్చా అన్న ప్రశ్నకు ఎవరైనా ముందు స్లాబ్ సిటీనే చూపిస్తారు. కాని అదొక్కటే చూస్తే సంగతి తెలియదు. అమెరికా నైరుతి ఎడారుల్లో నూరేళ్ళకు పైగా ఇలాంటి ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నాయి. కొన్ని మొండిగోడలుగా మిగిలాయి, కొన్ని నడుస్తున్నాయి. అనంతపురం జిల్లాలో ట్యాంకరు కోసం బిందెల వరసలో నిలబడి పెరిగిన నాకు ఈ కథలన్నిటిలోనూ ముందు కనబడేది నీళ్ళే. ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉద్యోగాలు చేస్తున్న మా బంధువుల పిల్లలు ‘ఎడారిలో ఎకరాలు చవగ్గా వస్తున్నాయి, కొని గుడారాల మకాం ఒకటి పెడదామా పెదనాన్నా’ అని అడుగుతున్నారు. వాళ్ళకు జవాబు చెప్పాలనే ఇదంతా కూడబెట్టాను.

కరెంటు సంగతి తేలిక. 1977లో సోలార్ సెల్లు వాటుకు 76 డాలర్లు పలికింది. ఇప్పుడది డాలరులో చిన్న ముక్క. 400 వాట్ల పలకలు నాలుగు పెట్టుకుంటే అరిజోనా ఎండకు రోజుకు ఏడెనిమిది యూనిట్లు వస్తాయి. ఫ్రిజ్, దీపాలు, ఫ్యాను, ఫోను, ల్యాప్‌టాప్ అన్నీ అందులో సరిపోతాయి. రాత్రంతా ఏసీ నడవాలంటే మాత్రం బ్యాటరీల మీద పెట్టే ఖర్చు పలకల ఖర్చును మించిపోతుంది. ఆ బ్యాటరీలకూ వేడి పడదు, వాటికి నీడ కావాలి. అందుకే అక్కడివాళ్ళు కూలరు పెట్టుకుంటారు. పొడిగాలిలో అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కరెంటు కొంచెమే తీసుకుంటుంది, కాని గంటకు అయిదు నుంచి పది లీటర్ల నీళ్ళు తాగేస్తుంది. పైగా జులై, ఆగస్టుల్లో సొనోరన్ ఎడారి మీదికి వానగాలి తగిలి గాలిలో చెమ్మ పెరిగితే కూలరు చేతులెత్తేస్తుంది. కరెంటు లెక్క అలా నీళ్ళ లెక్కగా మారుతుంది.

దానికంటే ముందు నేల ఎవరిదన్న ప్రశ్న ఉంది. అమెరికా ప్రభుత్వమే ఒకప్పుడు ఎడారిని పంచిపెట్టింది. 1877 నాటి ఎడారి భూముల చట్టం, నీరు పారించి సాగుచేస్తామని ముందుకొచ్చినవాళ్ళకు 640 ఎకరాల దాకా ఇచ్చింది. దరఖాస్తుతో ఎకరానికి పావు డాలరు కట్టాలి, సాగు రుజువు చేశాక మరో డాలరు. 1938లో వచ్చిన చిన్న కమతాల చట్టం అయిదెకరాల ముక్కలిచ్చింది, గడువులోగా ఒక గది కట్టి చూపాలి. మొహావీ ఎడారిలో, ట్వెంటీనైన్ పామ్స్ దగ్గర వండర్ వ్యాలీలో ఆ గదులు ఇప్పటికీ ఉన్నాయి. చాలావాటికి తలుపులు ఊడిపోయాయి, ఇసుక కిటికీ ఎత్తున పేరుకుంది. వాటిని కుందేళ్ళ కమతాలనేవారు. అక్కడ బతకగలిగింది ఆ పెద్దచెవుల కుందేళ్ళేనని. గది కట్టమన్న చట్టం నీళ్ళు చూపించమని అడగలేదు. 1976లో కొత్త చట్టం వచ్చి ఈ చిన్న కమతాల పంపకాన్ని ఆపేసింది, మిగిలిన భూమి ప్రజల ఉమ్మడి ఆస్తిగా ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయింది.

ఇవాళ మకాం వేసేవాళ్ళలో చాలామందికి ఆధారం ఆ ఉమ్మడి నేలే. బీఎల్ఎం అని పిలిచే భూ నిర్వహణ శాఖ నేలలో సాధారణంగా ఎక్కడైనా పద్నాలుగు రోజులు ఉచితంగా ఉండొచ్చు, తర్వాత అక్కడినుంచి కదిలిపోవాలి. చలికాలమంతా ఒకేచోట ఉండదలచినవాళ్ళకోసం 1983లో దీర్ఘకాలపు విడిదులు ఏర్పరిచారు. అరిజోనాలో క్వార్ట్‌జైట్ పక్కన లా పోసా వాటిలో పేరుపడింది. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఏడు నెలలకు చాలా ఏళ్ళపాటు వసూలు చేసింది 180 డాలర్లు. ఆ డబ్బుకు కుళాయి, చెత్తకుండీలు, బండిలోని మురుగు ట్యాంకు ఖాళీ చేసుకునే చోటు దొరుకుతాయి. కరెంటు ఎవరిది వాళ్ళే చూసుకోవాలి. ఈ ఏర్పాటును చాలామంది చిన్నచూపు చూస్తారు, సర్కారు నీడలో స్వేచ్ఛ ఏమిటని. నాకు మాత్రం ఈ మొత్తం కథలో తెలివైన పని ఇదేననిపిస్తుంది. ఎడారి నిండా చెల్లాచెదురుగా పడేవాళ్ళను, వాళ్ళ మానాన వాళ్ళను ఉండనిస్తూనే, ఒక కుళాయి చుట్టూ చేర్చారు. క్వార్ట్‌జైట్ జనాభా రెండున్నర వేలకు లోపు. చలికాలంలో ఊరి చుట్టూ కనుచూపు మేరా బళ్ళే. రాళ్ళు ఏరేవాళ్ళు ఒకచోట, హామ్ రేడియో పిచ్చివాళ్ళు ఒకచోట, ఒంటరి ఆడవాళ్ళు ఒకచోట ఏటేటా అదే తావుకు వచ్చి దిగుతారు. ఆ ఊరి శ్మశానంలో హాజీ అలీ అనే ఒంటెలవాడి సమాధి ఉంది. 1850ల్లో అమెరికా సైన్యం ఎడారిలో సామాను మోయడానికి ఒంటెలను తెప్పించినప్పుడు వాటితోపాటు వచ్చి 1902లో అక్కడే కన్నుమూశాడు. ఒంటెల పథకం సాగలేదు గాని అతని సమాధి మీద పిరమిడ్ కట్టి కొసన ఒంటెబొమ్మ నిలబెట్టారు.

ఇక నీళ్ళు.

ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఈ ఒక్క లెక్క ముందే వేసుకునివుంటే ఎన్ని కుటుంబాలు అప్పుల పాలు కాకుండా ఉండేవో. స్లాబ్ సిటీ ఉన్న ఇంపీరియల్ లోయలో ఏడాదికి పడేది సుమారు 75 మిల్లీమీటర్లు. యాభై చదరపు మీటర్ల రేకుల కప్పు మీద, ఒక్క చుక్క పోకుండా పట్టినా, 3,750 లీటర్లు. మనిషికి రోజుకు ఇరవై లీటర్ల చొప్పున, అంటే స్నానం వారానికి రెండుసార్లు అనుకుని, ఇద్దరికి మూడు నెలలు వస్తాయి. మిగతా తొమ్మిది నెలలు మోసుకు రావలసిందే.

మోయడమంటే ఏమిటో చూద్దాం. అక్కడ అందరి దగ్గరా ఉండేది ఇనప చట్రంలో కూర్చిన తెల్ల ప్లాస్టిక్ ట్యాంకు. టోట్ అంటారు. 275 గ్యాలన్లు, మన లెక్కలో 1,040 లీటర్లు. నిండితే టన్ను దాటుతుంది. మామూలు పికప్ ట్రక్కు మోయగలిగిన బరువు అంతకంటే తక్కువే. స్ప్రింగులు వంగిపోతాయి, గతుకుల దారిలో నీళ్ళు ఊగి బండిని పక్కకు లాగేస్తాయి, బ్రేకులు పట్టవు. దించాక ఆ తెల్ల ట్యాంకును ఎండలో వదిలేస్తే రెండు వారాల్లో పచ్చగా పాచి పడుతుంది, నల్లరంగు వేయాలి లేదా పట్టా కప్పాలి. ఒక టోట్ ఇద్దరికి ఇరవై ఆరు రోజులు. తోట పెడతాం, కోళ్ళను పెంచుతాం, పదిమంది అతిథులు వస్తారు అనుకుంటే వారానికి కనీసం ఒక బండైనా తోలాలి. ‘ఎడారిలో అతిథి విడిది’ అనే వ్యాపారం పుస్తకంలో లాభంగా కనబడి దారిలో నష్టమయ్యేది ఇక్కడే.

బోరు వేయొచ్చు కదా అంటారు. వేయొచ్చు. చవగ్గా వచ్చిన నేల చవగ్గా రావడానికి కారణం చాలాచోట్ల బోరే. నీరు వందల అడుగుల లోతున ఉంటుంది, లేదా ఉప్పగా ఉంటుంది. తవ్వే కూలి భూమి ధరకు ఎన్నో రెట్లు. పడుతుందో లేదో మన సీమ రైతుకున్నంత నమ్మకమే వాళ్ళకూ. ఎండిన బోరు పక్కన ఇంకో బోరు వేసి, దాని పక్కన మూడోది వేసి పొలం అమ్ముకున్నవాళ్ళను ఎరిగిన మనకు ఆ కథ విడమరచి చెప్పనక్కర్లేదు.

నీళ్ళ దగ్గర ఓడినవాళ్ళలో నన్ను అందరికంటే బాధపెట్టేది యానో డెల్ రియో. జాబ్ హారిమన్ అనే సోషలిస్టు లాయరు 1911లో లాస్ ఏంజెలస్ మేయరు పదవికి పోటీచేసి ఓడిపోయాడు. ఓట్లతో రానిదాన్ని చేసి చూపిద్దామని 1914 మేడే నాడు మొహావీ ఎడారి అంచున ఆంటిలోప్ లోయలో సహకార కాలనీ మొదలుపెట్టాడు. మూడేళ్ళలో తొమ్మిది వందలమంది దాకా చేరారు. అల్ఫాల్ఫా పండించారు, బడి నడిపారు, సొంత పత్రిక వేశారు, పెద్ద భోజనశాల కట్టుకున్నారు. ఆ ఊరు నిలబడ్డది కొండల నుంచి దిగే ఒక్క వాగు మీద. ఆ వాగు నీటి మీద హక్కు తగాదాలొచ్చాయి. ఆనకట్ట కడతామంటే రాష్ట్రం అనుమతి ఇవ్వలేదు. 1917 చివర్లో కాలనీ లూజియానాకు తరలిపోయింది, అక్కడ 1937 దాకా ఎలాగో సాగింది. పాత తావులో రాతి పొగగొట్టాలు, స్తంభాలు హైవే పక్కన ఇంకా నిలబడి ఉన్నాయి. వాళ్ళలో తగువులు లేకపోలేదు, ఓటింగు గొడవలు బోలెడు. కాని వాగులో నీళ్ళు చాలినన్ని ఉండివుంటే ఆ తగువులను తట్టుకుని ఉండేవాళ్ళని నా నమ్మకం.

ఇది పాత కథే అనుకోవద్దు. ఫీనిక్స్ శివార్లలో రియో వెర్డీ ఫుట్‌హిల్స్ అనే వాడ ఉంది, ఖరీదైన ఇళ్ళు. అరిజోనాలో ఆరు ప్లాట్లూ ఆపైన లేఅవుట్ వేసేవాడు, రాష్ట్రం హద్దులు గీసిన ప్రాంతాల్లో, నూరేళ్ళకు సరిపడా నీళ్ళున్నాయని రుజువు చూపాలి. అయిదు దాటకుండా ముక్కలు చేస్తే అక్కర్లేదు. ఆ సందు పట్టుకుని అయిదేసి చొప్పున కట్టుకుపోయారు. వందల ఇళ్ళకు నీళ్ళు ట్యాంకర్లలో పక్కనున్న స్కాట్స్‌డేల్ నగరం నుంచి వచ్చేవి. కొలరాడో నదికి కరువొచ్చింది. 2023 జనవరి 1న ఆ నగరం ట్యాంకర్లకు నీళ్ళు ఆపేసింది. లక్షల డాలర్ల ఇళ్ళలో జనం వాననీటితో మరుగుదొడ్లు కడుక్కున్నారు. వేరే ఏర్పాటు కుదిరేసరికి ఆ ఏడాది చాలావరకు గడిచిపోయింది. వాళ్ళకు కరెంటు తీగ ఉంది, ఇంటర్నెట్ ఉంది. లేనిది నీళ్ళబండి దారి మీద హక్కు.

దీనికి జవాబు అమెరికాలోనే ఒకచోట మెరుగ్గా దొరికింది. న్యూ మెక్సికోలో టావోస్ దగ్గర మైఖేల్ రేనాల్డ్స్ అనే వాస్తుశిల్పి 1970ల నుంచి ఎర్త్‌షిప్ ఇళ్ళు కడుతున్నాడు. పాత కారు టైర్లలో మట్టి దిమ్మిసకొట్టి దొంతర పేర్చిన గోడలు, దక్షిణాన పెద్ద అద్దాలు. కప్పు మీద పడ్డ వాన తొట్టిలోకి దిగుతుంది. ఆ నీటితో ముందు స్నానం, గిన్నెలు. ఆ మురికినీరు ఇంట్లోనే ఉన్న మొక్కల పాదులోకి వెళ్ళి వడకట్టుకుంటుంది, తర్వాత మరుగుదొడ్డికి, చివరకు బయటి చెట్లకు. అక్కడ ఏడాదికి 300 మిల్లీమీటర్ల వాన ఉంది గనుక నూటయాభై చదరపు మీటర్ల కప్పు 45,000 లీటర్ల దాకా పట్టగలదు. ఆ ఇళ్ళతో వెలసిన కాలనీని కూడా 1990ల చివర్లో అధికారులు ఆపించారు. లేఅవుట్ నిబంధనలకు లోబడి మళ్ళీ అనుమతి తెచ్చుకోవడానికి ఏళ్ళు పట్టింది. 2007లో న్యూ మెక్సికో ఇలాంటి ప్రయోగాలకు ప్రత్యేక స్థలాలు కేటాయించే చట్టం చేసింది. టావోస్‌లో చలి కూడా గట్టిదే, ఈ నమూనాను ఇంపీరియల్ లోయలో దించితే వాన చాలక తొట్టి నిండదు. ఎడారులన్నీ ఒకటి కావు.

థార్ ఎడారివాళ్ళకు ఇది పుట్టుకతో తెలిసిన విద్య. నేలను వాలుగా చదునుచేసి మధ్యలో గుండ్రటి తొట్టి కట్టి వాన పట్టే టాంకా, రాతి పొర మీద నిలిచిన తీపినీటిని తోడే సన్నని కుయీ, వాలునేలకు కట్టవేసి చెమ్మ మీదే గోధుమ పండించే ఖడీన్ వాళ్ళ సొత్తు. అనుపమ్ మిశ్ర 1990ల్లో హిందీలో రాసిన పుస్తకాలు వీటిని ఎంతో ప్రేమగా వివరిస్తాయి. ఆ తొట్టికి నీరిచ్చే నేల మీద చెప్పులతో నడవకూడదు, పశువులను తోలకూడదు అన్న కట్టుబాట్లు చూస్తే, అక్కడ సున్నంతో పాటు ఊరిమాట కూడా గోడలో కలిపి కట్టారని అర్థమవుతుంది. అమెరికా ఎడారికి కొత్తగా వెళ్ళేవాళ్ళకు అందనిది ఆ ఊరిమాటే.

మురుగు గురించి మాట్లాడటానికి అందరూ మొహమాటపడతారు, తగువులన్నీ అక్కడే మొదలవుతాయి. ఎడారిలో దేన్ని పూడ్చినా మట్టిలో కలిసిపోతుందనుకోవడం పొరపాటు. కుళ్ళడానికి చెమ్మ కావాలి, అది లేనిచోట మలమైనా కాగితమైనా ఎండి అలాగే ఉంటుంది, గాలికి తేలి పక్కవాడి ముంగిట్లో వాలుతుంది. రంపపు పొట్టు చల్లే బకెట్టు దొడ్డి ఇద్దరికి చక్కగా పనిచేస్తుంది, ఆ పొట్టును సేకరించి, తడి చూసి, ఏడాదిపాటు మాగబెట్టే ఓపిక ఉంటే. ముప్ఫైమంది అతిథులకు అదే పద్ధతి అంటే ఒక మనిషి ఉద్యోగం. స్నానాల నీటి విషయంలో అరిజోనా ఉదారంగా ఉంది. 2001 నుంచి రోజుకు 400 గ్యాలన్లలోపు నీటిని నిబంధనలు పాటిస్తూ చెట్లకు పెట్టుకోవడానికి విడిగా అనుమతి అడగనక్కర్లేదు. కొలరాడోలో సాన్ లూయిస్ లోయ కథ దీనికి తలకిందులు. అక్కడ కోస్టియా కౌంటీలో 1970ల్లో ముక్కలుగా అమ్మిన ఎత్తైన బీడు ఉంది, పేదవాళ్ళు ట్రైలర్లు పెట్టుకున్నారు. 2015లో కౌంటీ నిబంధనలు బిగించింది. సెప్టిక్ ట్యాంకు లేనిదే మకాం కుదరదంది. ఆ ట్యాంకు ఖరీదు వాళ్ళ భూమి ఖరీదును మించింది. కౌంటీ భయం అబద్ధం కాదు, భూగర్భ జలం అందరిదీ. కాని పేదవాడికి దారి చూపకుండా తాఖీదు మాత్రం అంటించడం ఏ ప్రభుత్వానికీ తగదు.

ఇంకో గాయం కంటికి తొందరగా కనబడదు. ఎడారి నేల మీద సూక్ష్మజీవులు అల్లిన పలచని పెచ్చు ఉంటుంది. ఇసుక లేచిపోకుండా పట్టి ఉంచేది అదే. దాని మీద ఒక్కసారి చక్రం తిరిగితే కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. 1942 నుంచి 44 దాకా జనరల్ ప్యాటన్ మొదలుపెట్టిన శిక్షణ కేంద్రంలో తిరిగిన ట్యాంకుల జాడలు మొహావీలో ఇప్పటికీ కనబడతాయి. కాబట్టి విడిది కట్టేవాడు ముందు గీయవలసింది బండ్ల దారి, గుడారాల చోటు తర్వాత. నెవాడాలో బ్లాక్ రాక్ ఎడారిలో డెబ్భై వేలకు పైగా జనం వారంపాటు చేరే బర్నింగ్ మ్యాన్‌కు బీఎల్ఎం పెట్టిన షరతు చూడండి. జనం వెళ్ళాక ఎకరానికి ఒక చదరపు అడుగుకు మించి చెత్త మిగలకూడదు. నిర్వాహకులు వరసలు కట్టి నేలంతా ఏరతారు, ఏ మకాం ఎంత వదిలిందో పటం గీసి బయటపెడతారు. ఆ పటంలో ఎర్రరంగు పడటం కంటే పెద్ద శిక్ష అక్కడ లేదు. అదే చోట 2023లో వాన కురిసి మట్టి బంకలా మారితే వేలమంది రోజుల తరబడి కదల్లేకపోయారు.

ఎండ గురించి ఒక్కమాట. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది, ఆ నగరమున్న మారికోపా కౌంటీలో ఆ ఏడాది వడదెబ్బకు 645 మంది చనిపోయారు. అది తీగలూ కుళాయిలూ ఉన్న నగరం. స్లాబ్ సిటీలో జులైలో ఉండేవాళ్ళలో చాలామందికి పోవడానికి వేరే చోటు లేదు. దాన్ని సాహసంగా వర్ణించే వీడియోలు చూస్తే నాకు కోపం వస్తుంది. బతుకుదెరువు మీద దెబ్బపడి అక్కడ చేరినవాళ్ళనూ ముచ్చటపడి వచ్చినవాళ్ళనూ ఒకే గాటన కట్టకూడదు. జెస్సికా బ్రూడర్ 2017లో రాసిన ‘నోమాడ్‌ల్యాండ్’ ఈ తేడాను పట్టుకుంది. 2008 మాంద్యంలో ఇల్లు పోయి, పింఛను అద్దెకే చాలక, బండి ఎక్కిన ముసలివాళ్ళ కథ అది. దాని మీద వచ్చిన సినిమాకు 2021లో ఆస్కార్ దక్కింది. తెరమీద ఎడారి అందంగా ఉంటుంది, పుస్తకంలో గోదాముల్లో రాత్రి షిఫ్టుల నొప్పులు ఎక్కువ.

ఆ పుస్తకంలో కనిపించే బాబ్ వెల్స్ 2010లో క్వార్ట్‌జైట్ దగ్గర కొద్దిమందితో ఏటేటా జరిగే ఒక కలయిక మొదలుపెట్టాడు. తర్వాతి ఏళ్ళలో అది వేలమందికి పెరిగింది. అక్కడ నేర్పేవి బకెట్టు దొడ్డి, సోలార్ వైరింగు, చవక వంట. ఒక పట్టా మీద ఎవరికి అక్కర్లేనివి వాళ్ళు పెడతారు, కావలసినవాళ్ళు తీసుకుపోతారు. ఆడవాళ్ళు ఒంటరిగా వచ్చినా ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటారు. కాగితం మీద అదొక సంఘం కూడా కాదు మొదట్లో. సాన్ లూయిస్ లోయలో కొన్నేళ్ళపాటు బతికి 2022లో పుస్తకం రాసిన టెడ్ కానొవర్ అనుభవమూ ఇలాంటిదే. తుపాకీ పెట్టుకుని, కంచెకు ‘రావద్దు’ బోర్డు తగిలించుకున్నవాళ్ళ గుమ్మంలోకి అతను వెళ్ళగలిగింది ఒక సేవాసంస్థ తరఫున కట్టెలు దింపుతూ. చలి దగ్గరపడ్డప్పుడు కట్టెల మోపు తెచ్చినవాణ్ణి ఎవరూ తేలిగ్గా వెనక్కు పంపరు.

స్లాబ్ సిటీకి తిరిగి వస్తాను. ఆ రంగుల మట్టికొండను లెనర్డ్ నైట్ అనే ఆయన 1980ల నుంచి ఒక్కడే కట్టాడు. మొదటిది కూలిపోతే గడ్డి కలిపిన మట్టితో మళ్ళీ లేపాడు. 1990ల్లో రంగుల్లో సీసం ఉందని దాన్ని తీసేయించాలని కౌంటీ చూసింది. అభిమానులు అడ్డుపడ్డారు. 2014లో ఆయన పోయినా కొండ ఉంది, రంగులు వేసేవాళ్ళున్నారు. స్లాబ్ సిటీ నేల మాత్రం రాష్ట్రానిది. దాన్ని అమ్మేయవచ్చన్న మాట 2015 ప్రాంతంలో పుట్టినప్పుడు అక్కడివాళ్ళు రెండుగా చీలారు. సంఘం పెట్టి మనమే కొందామని కొందరు, కొన్న మరునాటి నుంచి ఇది స్లాబ్ సిటీ కాదని కొందరు. పక్కనే పాత సామానుతో బొమ్మలు చేసే ఈస్ట్ జీసస్ అనే కళాకారుల మకాం మాత్రం లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడి తన ముక్కను కొనేసుకుంది. ఎవరిది సరైన పక్షమో చెప్పమంటే నేను కొన్నవాళ్ళ వైపే ఉంటాను. రేపు ఎవడు తోసేస్తాడో తెలియని నేలలో ఎవరూ చెట్టు నాటరు, తొట్టి కట్టరు.

మన దగ్గర ఈ పని చేసి చూపినవాళ్ళున్నారు. ఎడారి కాదు గాని, 550 మిల్లీమీటర్ల వానతో కరువుకు అలవాటుపడ్డ చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మేరీ వట్టమట్టం, బబ్లూ గంగూలీ, మిత్రులు 32 ఎకరాల బోడినేల తీసుకుని తింబక్తు అని పేరుపెట్టారు. మొదట చేసింది పశువులను, మంటలను దూరంగా ఉంచడమే. గడ్డి వచ్చింది, గడ్డి వెనక చెట్లు వచ్చాయి, దీపాలు సోలార్‌వి. వాళ్ళు అక్కడితో ఆగిపోయివుంటే అదొక అందమైన ఆశ్రమంగా ఉండిపోయేది. చుట్టుపక్కల ఊళ్ళను కలుపుకుని కల్పవల్లి పేరుతో ఏడువేల ఎకరాలకు పైగా బంజరును కాపాడారు, ఆడవాళ్ళ పొదుపు సంఘాలు కట్టారు. తర్వాత ఆ గుట్టల మీదే గాలిమరలు వచ్చాయి, వాటికోసం వేసిన రోడ్లు వాగుల దారులను చెరిపేశాయి, గ్రామస్తులు ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. గ్రిడ్‌కు దూరంగా పెంచిన అడవి గ్రిడ్ కోసం గాయపడింది.

చాండ్లర్ పిల్లలకు నేను రాసిన ఉత్తరంలో ఇదంతా లేదు. డిసెంబరులో కాదు, ఆగస్టు రెండో వారంలో ఆ నేల మీదికి వెళ్ళి ఒక రాత్రి పడుకోండి అన్నాను. తెల్లారాక పక్క ఊళ్ళో నీళ్ళు నింపే చోటుకు వెళ్ళండి, ట్యాంకరు డ్రైవరుకు కాఫీ ఇప్పించండి. ఏ నెలలో ఏ వాగు దారిని కోసేస్తుందో, మీ నేలదాకా రావడానికి అతను ఒప్పుకుంటాడో లేదో, అంతకుముందు అక్కడికి ఎవరికి నీళ్ళు తోలాడో, వాళ్ళు ఎప్పుడు ఎందుకు వెళ్ళిపోయారో అతన్నే అడగండి అని రాశాను.